బుట్టలో ఎడమ బూటు

గురువారం వచ్చిందంటే ఓడెట్‌కి మోకాళ్ళ నొప్పులు గుర్తుండవు. సాయంత్రం నాలుగు కొట్టకముందే తన పబ్బు ‘గుడ్డి కొంగ’ తలుపులు బార్లా తీస్తుంది. బల్లల మీద బోర్లించిన కుర్చీలు దించుతుంది. ఆవముద్ద గిన్నెలు నింపి, చీజ్ ముక్కలు కోసి పళ్ళేల్లో సర్ది, తడిగుడ్డ కప్పుతుంది. బెల్జియంలోని మా గెంట్‌లో చదువుకునే పిల్లలు శుక్రవారం పొద్దున్నే మాసిన బట్టల పెట్టెలు ఈడ్చుకుంటూ రైలెక్కి అమ్మల దగ్గరికి పోతారు. కాబట్టి వాళ్ళు తాగడం, పాడటం, ప్రేమించుకోవడం, పోట్లాడుకోవడం అంతా గురువారం రాత్రే. శనివారం వచ్చి చూడండి, ఈ వీధిలో పావురాలూ ముసలాళ్ళూ తప్ప ఎవరూ ఉండరు.

అన్నీ అయ్యాక చివరి పని బుట్ట దించడం. పైకప్పు దూలానికి కప్పీ, దాని మీదుగా బొటనవేలి మందం తాడు, తాడు చివర అల్లిక బుట్ట. తాడు వదిలితే కిర్రుకిర్రుమంటూ దిగుతుంది. ఓడెట్ దాన్ని దులిపి, తుడిచి, కౌంటరు ఎత్తులో ఆపుతుంది.

గుడ్డి కొంగలో ఒక పెద్ద బీరుంది. చెక్క స్టాండులో నిలబెట్టి, పొడుగాటి గాజు గ్లాసులో ఇస్తారు. ఆ గ్లాసంటే పిల్లలకి ప్రాణం. కోటు కింద దాచుకుపోయి కిటికీలో పూలు పెట్టుకుంటారు, దొంగ వెధవలు. ఓడెట్ వాళ్ళమ్మ హయాంలోనే దీనికి విరుగుడు కనిపెట్టారు. గ్లాసు కావాలా, ఎడమ కాలి బూటు విప్పి ఇవ్వు. బూటు బుట్టలోకి, బుట్ట పైకప్పుకి. గ్లాసు తిరిగొచ్చాకే బూటు కిందికి. ఒంటి బూటుతో ఈ చలిలో ఎంతదూరం పారిపోతాడు ఎవడైనా?

పైన ఉన్నంతసేపూ బూట్లు ఊరికే ఉండవు. ఆ రాత్రి తమ మనిషి కాలు ఎక్కడెక్కడ తిరగబోతోందో అక్కడంతా ముందే తిరిగొస్తాయి. దిగాక అడుగు తిప్పి చూసుకుంటే సరి. ఆకాశం చూసి గొడుగు పట్టుకెళ్ళాలా వద్దా అని తేల్చుకోమూ, అలాగే. కొసన సాస్ అంటుకుని దిగితే చిప్స్ బండి దగ్గర ఆగుతాడన్నమాట. పిల్లి వెంట్రుకలుంటే మూలింటి అమ్మాయి తలుపు తీస్తుందన్నమాట. అలా దిగిన బూటుని ఒక కుర్రాడు ముద్దు పెట్టుకుని మరీ తొడుక్కున్నాడు. రిటైరైన లాటిన్ మాస్టారు సిరీల్ బూటు ఒకసారి గులాబీ తోట మట్టితో దిగింది. వాళ్ళింట్లో గులాబీలు లేవు. పక్కనే కూర్చున్న ఆయన భార్య ఆ మట్టి చూసి, బూటు తన సంచిలో వేసుకుని, ఆయన్ని ఒంటి బూటుతో ఇంటికి నడిపించింది.

ఇంకోటి కూడా ఉంది. ఒకసారి నడిచొచ్చిన బూటు ఆ దారి మర్చిపోదు. ఎంత తాగి ఉన్నా, తొడుక్కుంటే చాలు, అదే ఈడ్చుకెళ్తుంది. ‘రాత్రి ఇంటికెలా వచ్చావురా’ అని అడిగితే ‘బూటు తీసుకొచ్చింది’ అంటారు మా ఊళ్ళో.

అందరికీ ఒక్కదానికే భయం. నీళ్ళు. వాన తడి కాదు, గెంట్‌లో వాన తడి లేని బూటు దొరికితే మ్యూజియంలో పెట్టుకోవాలి. లోపల నిండా నదినీళ్ళతో దిగే బూటు. ఓడెట్ చిన్నపిల్లగా ఇక్కడ గ్లాసులు కడిగే రోజుల్లో ఒక ఇంజనీరింగ్ కుర్రాడి బూటు అలా దిగింది. స్నేహితులు పగలబడి నవ్వారు. ఒకడు అందులో బీరు పోసుకుని తాగాడు. ఆ కుర్రాడు కూడా నవ్వుకుంటూ తడి బూటు తొడుక్కుని వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున అతన్ని లాకుల దగ్గర నీళ్ళలోంచి తీశారు. ఆ రోజే ఓడెట్ వాళ్ళమ్మ నియమం పెట్టింది. నీళ్ళతో దిగిన బూటు ఎవరూ తొడగకూడదు. దాని మనిషి తెల్లారేదాకా గుమ్మం దాటకూడదు. ఆ తర్వాత ఇన్నేళ్ళలో రెండుసార్లు అలా దిగింది. ఇద్దర్నీ కూర్చోబెట్టారు, ఇద్దరూ బతికి బట్టకట్టారు. అందులో ఒకావిడ ఇప్పుడు పళ్ళ డాక్టరు. సిరీల్ మాస్టారి కట్టుడు పళ్ళు ఆవిడ చలవే.

ఇక ఆ ఫిబ్రవరి గురువారం సంగతి. ఆ రోజు పొద్దున్నే పరీక్షల ఫలితాలొచ్చాయి. సాయంత్రానికి పబ్బు పాసైనవాళ్ళ కేకలతో, ఫెయిలైనవాళ్ళ అంతకంటే పెద్ద కేకలతో దద్దరిల్లిపోతోంది. లా రెండో ఏడు చదివే టీబో జనాన్ని తోసుకుంటూ కౌంటరు దగ్గరికొచ్చాడు.

“మదామ్, పెద్ద గ్లాసు! అన్నీ పాస్!”

“చాల్లే, చెవులు చిల్లులు పడ్డాయి. బూటు విప్పు,” అంది ఓడెట్.

టీబో ఒంటికాలి మీద గెంతుతూ ఎడమ బూటు విప్పి ఫీన్ చేతికిచ్చాడు. ఫీన్ కూడా స్టూడెంటే. గురువారాలు ఇక్కడ కౌంటర్లో పనిచేస్తుంది. ఆ పిల్ల, టీబో, లోవీ, ఇంకో కుర్రాడు, నలుగురూ ఒకే పాత ఇంట్లో అద్దెకుంటారు.

“ఇవాళ ఎడమ కాలు భలే వెచ్చగా ఉందే ఫీన్. పాసైనవాడి కాలు కదా!”

“పాసైనవాడి కంపు కూడా బాగానే ఉంది,” అని ఫీన్ ముక్కు మూసుకుని బూటు బుట్టలో పడేసింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. “లోవీ ఏడీ?”

“ఇంట్లో ముసుగుతన్ని పడుకునుంటాడు.”

“నువ్వు పొద్దున అన్నది వాడు విన్నాడు, తెలుసా? సరిగ్గా నీ వెనకాలే నిలబడ్డాడు.”

టీబో మొహంలో నవ్వు కాస్త తగ్గింది. పొద్దున కాలేజీ మెట్ల మీద పదిమంది ముందు వాడన్న మాట ఇదీ: “లోవీ ఆ పరీక్ష మళ్ళీ తన్నేశాడ్రా. ఇంకొక్కసారి రాస్తే ఆ బెంచీకి వాడి పేరు చెక్కేస్తారు.” అందరూ విరగబడి నవ్వారు. లోవీ వాళ్ళ నాన్న బస్సు నడుపుతాడు. కొడుకు లాయరవుతాడని డిపోలో ప్రతి డ్రైవరుకీ, కండక్టరుకీ చెప్పుకున్నాడు. ఆ పరీక్ష ఈసారీ పోయింది కాబట్టి కొడుకు ఇంక ఈ చదువులో కొనసాగడానికి లేదు. టీబోకి ఇదంతా తెలుసు. తెలిసే అన్నాడు. నలుగురు నవ్వుతుంటే నోరు ఆగదు కదా ఆ వయసులో.

“సరదాకన్నాను. వాడికి తెలీదా ఏంటి,” అన్నాడు.

“అదే వెళ్ళి వాడితో చెప్పు.”

“చెప్తాలే. ఇది తాగనీ.”

బుట్ట పైకెళ్ళింది. దీపాల పైన, మసకలో, పైకప్పు దగ్గర ఆగింది. పాటలు మొదలయ్యాయి.

చాలాసేపటికి, బుట్ట కింద బల్ల దగ్గర పేకాడుతున్న సిరీల్ మాస్టారు బట్టతల తడుముకున్నారు.

“ఓడెట్! నీ కప్పు కారుతోందమ్మా.”

“మొన్ననే వేయించాను కప్పు. మీ తలే కారుతోందేమో.”

ఇంకో చుక్క ఆయన బీరులో పడింది. ఆయన తల పైకెత్తారు. పక్కవాడు తలెత్తాడు. ఒక్కో బల్లా నోరు మూసుకుంటూ వచ్చింది. పాట మధ్యలో తెగిపోయింది. బుట్ట అడుగు నుంచి నీళ్ళు కారుతున్నాయి, మొదట చుక్కలుగా, తర్వాత సన్నని ధారగా.

ఓడెట్ ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. తనే తాడు పట్టి మెల్లగా బుట్ట దించింది. అందులో చాలా బూట్లే ఉన్నాయి. ఒక్కటే నిండా నీళ్ళతో ఉంది, తాళ్ళకి ఆకుపచ్చ పాచి వేలాడుతూ. బకెట్ తెమ్మని దాన్ని వంచింది. బూటులో పట్టేన్ని నీళ్ళు కావవి. సగం బకెట్ నిండాక గానీ ఆగలేదు. గది అంతా నది వాసనేసింది.

“ఎవరిదిది?” అంది ఓడెట్. గొంతు చాలా మామూలుగా ఉంది.

టీబో చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. “నాదే.”

ఓడెట్ వెళ్ళి తలుపుకి గడియ వేసి, తాళం వేసి, తాళంచెవి జాకెట్ లోపలికి దోపుకుంది. “వినండర్రా! పోవాల్సినవాళ్ళు వెనక తలుపు నుంచి ఒక్కొక్కళ్ళూ పోండి, నేను చూసి పంపుతాను. టీబో, నువ్వు మాత్రం తెల్లారేదాకా ఇక్కడే.”

ఎవరూ పోలేదు. మా వాళ్ళలో ఆ గుణం ఉంది, ఎంత తాగినా.

టీబో మొదట నవ్వబోయాడు. నవ్వు రాలేదు. తర్వాత కోపమొచ్చింది. “నాకు ఈత వచ్చు మదామ్! చిన్నప్పట్నుంచీ వచ్చు.”

“ఆ ఇంజనీరింగ్ పిల్లాడికీ వచ్చు బాబూ. వాడికి పతకాలున్నాయి ఈతలో. కూర్చో.”

“నేను నది వైపే వెళ్ళను. సరాసరి ఇంటికి పోతాను. ఒట్టు.”

“ఎవరు పోతామనుకుని పోతార్రా నీళ్ళలోకి? కూర్చోమన్నానా!”

కూర్చున్నాడు. సిరీల్ మాస్టారు కుర్చీ జరుపుకుని వాడికీ గుమ్మానికీ మధ్య కూర్చుని పేక పంచారు. టీబో ముక్కలు తిరగేసి పట్టుకున్నా అలాగే ఆడనిచ్చారు. చచ్చిపోవడం గురించి వాడెప్పుడూ ఆలోచించలేదు, ఇప్పుడు తప్ప ఇంకేదీ ఆలోచించలేకపోతున్నాడు. అమ్మకి ఫోన్ చేద్దామా అనుకుని, నిద్ర లేపి ఏం చెప్పాలో తెలీక మానేశాడు. మధ్యమధ్యలో తన బూటు లేని కాలు చూసుకుంటున్నాడు.

ఫీన్‌కి ఊరికే నిలబడితే ఏడుపొచ్చేలా ఉంది. తడి బూటు తీసుకెళ్ళి హీటరు మీద ఆరబెట్టబోయింది. లోపల ఉబ్బిపోయిన మెత్త ఏదో చేతికి తగిలింది. లాగి చూసింది. పాదం ఆకారంలో కత్తిరించిన ఉన్ని పట్టీ, అంచు చుట్టూ ఎర్రదారంతో కుట్టు.

“ఇదేంట్రా, నువ్వూ వేయించుకున్నావా పట్టీలు?”

టీబో తలెత్తి చూశాడు. పేక ముక్కలు చేతిలోంచి జారిపోయాయి.

“అది నాది కాదు.”

“నీ బూటులోదే.”

“నా బూటులో పట్టీల్లేవు ఫీన్! అది లోవీది. వాళ్ళ అమ్మమ్మ... తాతయ్య టోపీ కత్తిరించి కుట్టిచ్చింది, చలికి.” లేచి నిలబడ్డాడు. “అందుకే ఎడమ కాలు వెచ్చగా ఉంది.”

ఫీన్ నోటి మీద చెయ్యేసుకుంది. డిసెంబరు సేల్‌లో ఒకటి కొంటే రెండోది సగం ధర అని టీబో, లోవీ ఒకే రకం బూట్లు కొన్నారు. ఒకే సైజు. వాళ్ళింటి నడవాలో అందరి బూట్లూ ఒకే కుప్పగా పడుంటాయి. ఆ నడవాలో బల్బు పోయి క్రిస్మస్ నుంచీ చీకటే. కొత్తది ఎవరు పెట్టాలన్న దాని మీద వాదన ఇంకా తెగలేదు. పొద్దున ఫలితాల తొందరలో ఎవరి కాలికి ఏది దొరికితే అది.

“అంటే నీళ్ళలో పడేది వీడు కాదు,” అన్నారు సిరీల్ మాస్టారు నెమ్మదిగా. “ఇంతసేపూ మనం తప్పు మనిషిని కాపలా కాశాం.”

లోవీకి ఫోన్ చేశారు. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశారు. ఇంట్లో ఉన్న ఇంకో కుర్రాడికి చేస్తే, ఫోన్ లోవీ గదిలోనే మోగుతోందనీ, మనిషి మధ్యాహ్నం నుంచీ లేడనీ చెప్పాడు. పోలీసులకి చేశారు. వెతుకుతామన్నారు. కానీ ఎక్కడని? మా ఊళ్ళో రెండు నదులు, వాటికి ఎన్ని పాయలో, ఎన్ని రేవులో. ఏ రేవుకి చూసినా రాతి మెట్లు, మెట్ల కింద నల్లటి నీళ్ళు. పదిమంది పది దిక్కులా పరుగెత్తినా తెల్లారిపోతుంది.

టీబో హీటరు దగ్గరికి నడిచి బూటు చేతిలోకి తీసుకున్నాడు. “దీనికి తెలుసు దారి.”

“అక్కడ పెట్టు,” అంది ఓడెట్.

“ఇది ఇప్పటికే వెళ్ళొచ్చింది మదామ్. తొడుక్కుంటే తీసుకెళ్తుంది.”

“తీసుకెళ్తుంది, నీళ్ళలోకి! ఎక్కడ ఆగాలో దానికి తెలీదు. మా అమ్మ పెట్టిన నియమం. ఈ కప్పు కింద తడి బూటు ఎవ్వడూ తొడగడు. ఒక పిల్లాడి కోసం ఇంకో పిల్లాణ్ణి పంపనా నేను?”

“వాడి సైజు ఉన్నది నాకొక్కడికే.”

“ఇంకెవరైనా...”

“తప్పు నాది మదామ్!” అన్నాడు టీబో. “వాడు ఇంటికి రాకపోవడానికి కారణం నేను. పదిమందిలో వాడి పరువు తీసి నవ్వాను. వాడికేమన్నా అయితే నేను పొడి కాళ్ళతో ఇక్కడ పేకాడుతూ కూర్చున్నానని వాళ్ళ నాన్నకి చెప్పమంటారా?”

ఓడెట్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కోపంతోనో ఎందుకో ఆవిడకే తెలీదు. చటుక్కున వెనక్కి తిరిగి, గోడకున్న కొక్కెం నుంచి తాడు విప్పింది. కప్పీ లోంచి సర్రున లాగేసింది. బుట్టని ముడి విప్పి పక్కకి తన్నింది.

“ఇలా రా. చేతులెత్తు.”

బుట్ట తాడు వాడి నడుముకి రెండు చుట్లు తిప్పి ముడేసింది.

“ఆ తాడు ఆగుతుందా?” అని ఎవడో అడిగాడు.

“గురువారం గురువారం నలభై బూట్లు మోసింది. ఇద్దరు కుర్రాళ్ళని మోయదా!” అంది గానీ, ముడి మీద ఇంకో ముడి వేసింది.

టీబో ఉన్ని పట్టీ లోపల సర్ది బూటు తొడుక్కున్నాడు. చల్లదనం మోకాలి దాకా పాకింది. తాళ్ళు కట్టుకోవడం పూర్తయిందో లేదో ఎడమ కాలు దానంతటదే గుమ్మం వైపు తిరిగింది.

ఓడెట్ తలుపు తాళం తీసింది. అలా బయల్దేరారు. ముందు నడుముకి తాడుతో టీబో, కుడి కాలు వెనక్కి లాగుతుంటే ఎడమ కాలు ముందుకి ఈడుస్తూ. వెనక తాడు పట్టుకుని ఓడెట్, ఆవిడ వెనక ఫీన్, సిరీల్ మాస్టారు, ఆ వెనక సగం మంది ఒంటి బూట్లతోనే, పబ్బంతా. దారిన పోయేవాళ్ళు పక్కకి తప్పుకుని, “తడి బూటా?” అని అడిగి, అవునంటే వాళ్ళూ తాడు పట్టుకున్నారు.

బూటు మొదట చిప్స్ బండి దగ్గర ఆగింది.

ఫీన్ లోవీ ఆనవాళ్ళు చెప్పింది. “ఆ అబ్బాయి వచ్చాడు,” అన్నాడు బండివాడు. “చిప్స్ కొన్నాడు, సాస్ కూడా వేయించుకున్నాడు. ఒక్కటీ తినకుండా ఇక్కడే పెట్టి పోయాడు. చాలాసేపైంది.”

అక్కణ్ణుంచి కాలేజీ మెట్లెక్కించింది. పొద్దున టీబో నిలబడి నవ్విన మెట్టుకి వెనక మెట్టు. సరిగ్గా అక్కడ నిలబెట్టి కదల్లేదు. టీబో కాలు పీకినా రాలేదు. వెనక ఎవరికీ అర్థం కాలేదు, వాడికి అర్థమైంది. లోవీ ఈ రాత్రి మళ్ళీ ఇక్కడికొచ్చి, ఒక్కడే నిలబడ్డాడు. “పదవే,” అని బూటుని బతిమాలాడు టీబో, ఏడుస్తూ. “తెలిసింది. పద.”

అప్పుడు కదిలింది. కదలడమంటే మామూలుగా కాదు. వీధి దాటి, సందు దాటి, లేయె నది వైపు పరుగు తీసింది. తాడు బిగుసుకుంది. ఓడెట్ మోకాళ్ళు పట్టేస్తున్నా వదల్లేదు. ఉప్పు రేవు దగ్గర, వేసవిలో పిల్లలు కాళ్ళు వేలాడేసుకుని బీరు తాగే చోట, మెట్లు దిగడం మొదలుపెట్టింది.

కింది అంచున లోవీ ఉన్నాడు.

రాతి అంచు మీద కూర్చుని, కాళ్ళు నీళ్ళ మీదికి వేలాడేసి, తల గుండెల మీదికి వాలిపోయి నిద్రపోతున్నాడు. పక్కన ఖాళీ సీసాలు. కాస్త కాస్తగా ముందుకి వాలుతున్నాడు, మళ్ళీ సర్దుకుంటున్నాడు, మళ్ళీ వాలుతున్నాడు.

“అరవకండి,” అంది ఓడెట్ గుసగుసగా. “ఉలిక్కిపడితే పోతాడు.”

టీబో ఒక్కో మెట్టూ దిగుతున్నాడు. వాడేమో మెల్లగా పోవాలనుకుంటాడు, బూటేమో ఆగదు. కుడి కాలు రాతికి ఆనించి, రెండు చేతులా ఎడమ మోకాలు పట్టుకుని ఆపుతున్నాడు. ఇంకో మూడు బారలు. రెండు. పాచి పట్టిన రాయి మీద బూటు సర్రున జారిన చప్పుడైంది.

లోవీ కళ్ళు తెరిచాడు. “ఎవరూ?” అని వెనక్కి తిరగబోయాడు.

అంతే. అంచు మీద మనిషి లేడు. నీళ్ళ చప్పుడు కూడా పెద్దగా రాలేదు.

టీబో ఆలోచించలేదు, ఆలోచించే అవకాశం ఎడమ కాలు ఇవ్వలేదు. ఇంతసేపూ పట్టి ఆపుకున్న మోకాలు వదిలేశాడు. బూటు వాణ్ణి లేయె లోకి లాక్కుపోయింది, సరిగ్గా లోవీ మునిగిన చోటికి.

పైన తాడు సర్రున జారి, ఓడెట్ అరచేతులు కాల్చి, ఒక్కసారిగా ఆగింది.

“లాగకండి! వాడు దొరకాలి ముందు!” అన్నారు సిరీల్ మాస్టారు.

“ఎంతసేపు మాస్టారూ?” ఫీన్ ఏడుస్తోంది.

“తాడు చెప్తుంది.”

నల్లటి నీళ్ళు మూసుకుపోయి ఉన్నాయి. ఎవడో ప్రార్థన మొదలుపెట్టాడు. ఓడెట్‌కి చిన్నప్పటి ఆ ఇంజనీరింగ్ పిల్లాడి నవ్వు చెవుల్లో మోగుతోంది. చేతుల్లో తాడు ఒక్కసారి గట్టిగా గుంజుకుంది. ఇంకోసారి.

“ఇప్పుడు లాగండర్రా! లాగండి!”

ఒంటి బూట్ల జనమంతా మెట్ల మీద వెనక్కి వెనక్కి అడుగులేశారు. తాడు కిర్రుకిర్రుమంది, రోజూ బుట్టతో అన్నట్టే. మొదట టీబో తల, తర్వాత వాడి చంకలో ఇరుక్కున్న లోవీ తల. ఇద్దర్నీ రాతి మీదికి ఈడ్చి బోర్లా తిప్పారు. లోవీ నీళ్ళు కక్కాడు. దగ్గాడు. బూతు మాట ఒకటి అన్నాడు. ఆ బూతు విని మెట్ల మీద అందరూ ఏడ్చేశారు.

అంబులెన్స్‌వాళ్ళు వచ్చి ఇద్దర్నీ పరీక్షించి, గుండె చూసి, ఆసుపత్రికి రమ్మంటే ఇద్దరూ మొండికేశారు. చివరికి ఓడెట్ పూచీ మీద వదిలారు. గుడ్డి కొంగలో హీటరు ముందు దుప్పట్లు కప్పి కూర్చోబెట్టారు. ఫీన్ వేడి సూపు గిన్నెలు చేతుల్లో పెట్టింది. ఓడెట్ అరచేతులకి వెన్న రాసుకుని, వంగి టీబో ఎడమ కాలి బూటు విప్పింది. నిండా నీళ్ళు, తాళ్ళకి ఆకుపచ్చ పాచి. ఇందాక బుట్టలోంచి దిగినప్పుడు ఎలా ఉందో అచ్చం అలాగే.

వంచుదామని బకెట్ లాగింది. ఇందాక సగం నిండిన బకెట్. అందులో ఒక్క చుక్క లేదు. అడుగున చెయ్యి పెట్టి చూసింది, పొడిగా ఉంది. ఇందాకటివి ఈ నీళ్ళే, ముందే వచ్చి పోయాయి. ఉన్ని పట్టీ తీసి హీటరు మీద వేసి, బూటులో నీళ్ళు అందులో పోసి, వెనక దొడ్లో పారబోసి వచ్చింది.

“బుట్ట అబద్ధం చెప్పలేదన్నమాట,” అన్నారు సిరీల్ మాస్టారు, బూటు వంక చూస్తూ. “నీళ్ళలోకి వెళ్తానంది, వెళ్ళింది. లోపల ఎవరి కాలుంటుందో మనమెప్పుడూ అడగలేదు.”

లోవీ పళ్ళు టకటకమని కొట్టుకుంటున్నాయి. టీబో వాడి వైపు చూడలేక సూపు వైపు చూస్తున్నాడు.

“నేనన్నది తప్పురా,” అన్నాడు చివరికి. “నవ్వించడానికన్నాను. నువ్వు వెనకున్నావని తెలిస్తే అనేవాణ్ణి కాదు అంటే అది ఇంకా పెద్ద తప్పు. అసలు అనకూడదు.”

లోవీ సూపు గిన్నె కింద పెట్టాడు. “నాన్నకి ఇంకా చెప్పలేదు,” అన్నాడు.

“రేపు రైల్లో నేనూ వస్తాను. ఇద్దరం చెబుదాం.”

“నువ్వెందుకు?”

“మాసిన బట్టలున్నాయి. మీ అమ్మ బాగా ఉతుకుతుంది.”

లోవీకి నవ్వొచ్చింది, నవ్వుతో పాటు ఏడుపూ వచ్చింది. దుప్పట్లోంచి కాళ్ళు బయటికి చాపాడు. కుడి కాలికి ఎర్రదారం పట్టీ ఉన్న బూటు, ఎడమ కాలికి పట్టీ లేనిది.

“పొద్దున్నుంచీ ఈ కాలు ఒకటే చల్లగా ఉంది,” అన్నాడు. “ఫెయిలయ్యాను కదా, అందుకనుకున్నా.”

టీబో కిందికి వంగి వాడి ఎడమ బూటు విప్పాడు. హీటరు మీద ఆరుతున్న ఉన్ని పట్టీ తీసి, తడి పిండి, వెచ్చబడిందో లేదో తన చెంపకి ఆనించి చూసుకున్నాడు. తర్వాత దాన్ని వాడి పాదం కింద పెట్టి, రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు, తెల్లారేదాకా.